మీది స్విచ్చి ముట్టొద్దు

ఎడపల్లిలో మా ఇంటి మెట్ల లైటుకు రెండు స్విచ్చులు. ఒకటి కింద, వంటింటి తలుపు పక్కన. ఇంకోటి మీద, దాబా మీదికి తెరుచుకునే తలుపు దగ్గర. మీది స్విచ్చి మీద ఎప్పుడూ ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉండేది, దెబ్బలకు వేసే రకం. అది మాసిపోయి అంచులు లేస్తే బాపు పీకేసి కొత్తది వేసేవాడు. "మీది స్విచ్చి ముట్టొద్దు" అనేది మా ఇంట్లో "చెప్పులు బయట విడువు" లాంటి మాట. ఎందుకు ముట్టొద్దో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంజనీరింగ్ చదివి, ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే ఉద్యోగంగా బతుకుతున్నవాణ్ణి, సొంతింట్లో ప్లాస్టర్ వేసిన స్విచ్చి గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

బాపు పోయి రెండేళ్లు. పోయిన దసరాకు అందరం ఊరికి వెళ్లాం. మా ఆరేళ్ల పాపకు ఆ ప్లాస్టర్ కనబడింది. పిల్లలకు ప్లాస్టర్ అంటే కింద ఏదో గాయం ఉందన్నమాట. పీకి చూసింది. కింద గాయం లేదు, స్విచ్చి ఉంది. టకటకలాడించి వచ్చేసింది. మర్నాడు మేం హైదరాబాద్ తిరిగొచ్చాం.

నాలుగో రోజు సాయంత్రం వాన మొదలైతే, ఆరేసిన బట్టలు తేవడానికి అమ్మ దాబా ఎక్కింది. కింద స్విచ్చి వేసింది. లైటు పడలేదు. బుగ్గ పోయిందనుకుంది. చీకట్లోనే ఎక్కి, రెండు చేతుల నిండా బట్టలతో దిగుతూ, ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేసింది. ఇంకా రెండు మెట్లున్నాయి. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నిజామాబాద్ తీసుకెళ్లి కట్టు వేయించింది పక్కింటివాళ్లే. మాకు ఫోను వచ్చేసరికి కట్టు కూడా ఆరిపోయింది.

ఆ రాత్రి ఫోన్లో నేను ఎప్పటి మాటే మళ్లీ ఎత్తాను.

"ఇంక చాలమ్మా. మాతో వచ్చి ఉండు."

"ఏం, మీ అపార్టుమెంట్ల మెట్లు లేవా?"

"లిఫ్టు ఉంది."

"కరెంటు పోతే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. జనరేటర్ ఉంది అనొచ్చు. కానీ మాట తేలికయిపోయింది, ఇంక నేను గెలవను అని తెలిసిపోయింది. కోపమంతా ఆ ఇంటి మీదికీ, ఆ పాత వైరింగ్ మీదికీ మళ్లింది. వచ్చే శనివారం వచ్చి ఆ లైటు సంగతి చూస్తానన్నాను. చూసి, ఈ ఇల్లు ఇంక ఉండదగ్గది కాదని నిరూపిస్తాను అని మనసులో అనుకున్నాను. ఇది ముందే ఒప్పుకుంటే మంచిది. నేను తప్పు వెతకడానికి వెళ్లలేదు, సాక్ష్యం వెతకడానికి వెళ్లాను.

*

నిజామాబాద్‌లో దిగి బోధన్ బస్సు ఎక్కితే దారిలో ఎడపల్లి. రైలు దారి కూడా ఉంది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వెళ్లే లైను జానకంపేట దగ్గర చీలి, ఒక పాయ ఎడపల్లి మీదుగా బోధన్ పోతుంది. ఈ జంక్షన్ సంగతి ఊరికే చెప్పలేదు. మెట్ల లైటు అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు.

మామూలు స్విచ్చి వంతెన లాంటిది. దించితే కరెంటు దాటుతుంది, ఎత్తితే ఆగుతుంది. టూవే స్విచ్చి అట్లా కాదు. దాంట్లో "తెగడం" అనేదే లేదు. అది జంక్షన్ దగ్గర పట్టాలు మార్చే పాయింటు. ఒక వైపు ఒకే పట్టా, దాన్ని కామన్ అంటారు. ఇంకో వైపు రెండు పట్టాలు. నొక్కినప్పుడల్లా ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారుతుంది, అంతే. మెట్ల కింద ఒక పాయింటు, మెట్ల మీద దానికి ఎదురుగా ఇంకో పాయింటు, వాటి మధ్య జంట పట్టాలు. కింది కామన్‌లోకి ఫేజ్ వస్తుంది. మీది కామన్ నుంచి తీగ బల్బుకు పోతుంది. రెండు పాయింట్లూ ఒకే పట్టా వైపు తిరిగి ఉంటే రైలు దాటుతుంది, లైటు వెలుగుతుంది. చెరో పట్టా వైపు ఉంటే ఆరుతుంది. అందుకే ఎటు నుంచి నొక్కినా స్థితి మారుతుంది. మన దగ్గర స్విచ్చి కిందికంటే ఆన్, పైకంటే ఆఫ్ అని చిన్నప్పటి నుంచి వేళ్లకు తెలుసు. టూవే స్విచ్చికి ఆ అర్థం లేదు. అది ఒంటరిగా ఏమీ చెప్పదు. రెండోది ఎటుందో తెలిస్తేనే దాని మాటకు అర్థం.

మా కంప్యూటర్ వాళ్లకు ఇది బాగా తెలిసిన విషయం. జార్జ్ బూల్ 1854లో తర్కాన్ని బీజగణితంగా రాశాడు. చాలాకాలం అది తత్వశాస్త్రం వాళ్ల సరుకుగానే ఉంది. 1937లో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు ఎంఐటీలో ఒక మాస్టర్స్ థీసిస్ రాసి, స్విచ్చులూ రిలేలూ చేసేది అచ్చంగా ఆ బీజగణితమే అని చూపించాడు. కంప్యూటర్ లోపల లెక్కలు చేసే సర్క్యూట్లన్నీ ఆ చూపు మీదే నిలబడ్డాయి. అదే 1937లో మా పక్కన బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. నా ఇంట్లో మాత్రం ఉంది, అది తర్వాత చెప్తాను.

ఆ శనివారం నేను చేసిన మొదటి పని సరైనదే. మీదోటి కిందోటి నొక్కి చూసుకుంటూ నాలుగు రకాల అమరికలూ కాగితం మీద రాసుకున్నాను. రెండూ కిందికి: వెలిగింది. మీది కిందికి, కిందిది పైకి: లేదు. మీది పైకి, కిందిది కిందికి: లేదు. రెండూ పైకి: లేదు. సరిగ్గా ఉంటే నాలుగింట్లో రెండుసార్లు వెలగాలి. ఇక్కడ ఒక్కసారే. "రెండూ ఒకే వైపు ఉంటే" అన్న లెక్క కాస్తా "రెండూ కిందికి ఉంటేనే" అయిపోయింది. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే ఎక్సార్ కుటుంబానికి చెందిన సర్క్యూట్ ఒకటి, యాండ్ అయి కూర్చుంది.

ఇప్పుడు ప్లాస్టర్ అర్థమయింది. మీది స్విచ్చి ఎప్పుడూ కిందికే ఉండేట్టు కట్టిపడేస్తే, కిందిది మామూలు స్విచ్చిలాగ పనిచేస్తుంది. బాపు లైటును బాగుచేయలేదు, తప్పును ఒక మూలకు నెట్టి దానికి పట్టీ కట్టాడు. మా ఆఫీసుల్లో దీనికి గౌరవమైన పేరుంది, వర్కరౌండ్. వర్కరౌండ్లకు వచ్చే చావు కూడా ఇక్కడ వచ్చినట్టే వస్తుంది. ఎందుకు కట్టారో తెలియనివాళ్లు ఒకరు వచ్చి విప్పుతారు.

కాగితం చూసుకుని రోగం చెప్పేశాను. జంట తీగల్లో ఒకటి తెగింది. ఒక పట్టా లేకపోతే రెండో పట్టా మీద మాత్రమే రైలు పోతుంది, నాలుగింట్లో ఒకటే వెలుగుతుంది. లెక్క పక్కాగా సరిపోయింది. సరిపోయిన లెక్క కన్నా ప్రమాదం ఇంకోటి లేదు.

*

ఆ ఇంటికి కరెంటు పని చేసింది 1981లో. బాపు చెరుకు వేసేవాడు. ఫ్యాక్టరీకి బండ్లు తోలుతూ తోలుతూ అక్కడి ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఒకాయనతో దోస్తీ కలిసింది. మేమందరం ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్లం. ఇల్లు కట్టినప్పుడు ఆయనే వచ్చి వైరింగ్ చేశాడు. గోడ లోపల పైపులు కాదు, అప్పటి పద్ధతి. గోడ మీద టేకు పట్టీలు, వాటి మీద తీగలు, జానెడుకొక రేకు క్లిప్పు. గుండ్రటి చెక్క దిమ్మెల మీద గుండ్రటి గోధుమరంగు బేకలైట్ స్విచ్చులు. మీటరు దగ్గర పింగాణీ కిట్‌కాట్ ఫ్యూజులు, ఫేజ్‌కొకటి, న్యూట్రల్‌కొకటి. తీగలు అల్యూమినియం. ఆ రోజుల్లో మన ఇళ్లలో రాగి కన్నా అదే ఎక్కువ. అల్యూమినియం తీగను రెండు మూడుసార్లు వంచితే స్క్రూ దగ్గర పుటుక్కున తెగుతుంది. బిగించినా కాలం గడిచేకొద్దీ వదులవుతుంది. నలభై ఏళ్లు దాటిన అల్యూమినియం, ఎలుకలు తిరిగే ఇల్లు. నేరస్థుడి కోసం ఎక్కువ వెతకాల్సిన పని లేదనిపించింది.

నియాన్ టెస్టర్ పట్టుకుని మీది స్విచ్చి విప్పాను. అది మిగతావాటిలాగ గుండ్రటి పాతది కాదు, తెల్లటి పియానో స్విచ్చి. ఆ తేడా కళ్లకు కనబడింది, బుర్రకు ఎక్కలేదు. స్విచ్చిని పైకి ఎత్తి ఉంచి, కిందికెళ్లి అక్కడిదాన్ని మార్చి, మళ్లీ మీదికొచ్చి టెస్టర్ పెట్టాను. ఒక తీగకు వెలిగింది. రెండో తీగకు కూడా వెలిగింది.

ఇక్కడ ఆగి ఉండాల్సింది. టూవేలో ఎప్పుడైనా జంట తీగల్లో ఒక్కదాంట్లోనే కరెంటు ఉండాలి. రెంటిలోనూ ఉండకూడదు. కానీ నాకు ఇంకో సంగతి తెలుసు. రెండు తీగలు పక్కపక్కనే చాలా దూరం పోతే, కరెంటున్న తీగ పక్కన లేని తీగలో కూడా కొంచెం వోల్టేజి పుడుతుంది. దయ్యపు వోల్టేజి అనొచ్చు. నియాన్ టెస్టర్‌కు ఆ కొంచెమే చాలు, వెలిగేస్తుంది. ఎల్ఈడీ బల్బులు ఆర్పినా మినుకుమినుకుమనడం కూడా చాలాసార్లు ఇందువల్లే. మా మెట్ల బల్బు కూడా ఎల్ఈడీ వేసినప్పటి నుంచి ఆర్పినా సగం ప్రాణంతో ఉంటుందని అమ్మ చెప్తూనే ఉంది. ఇంకేం, రెండో తీగలో వెలుగు దయ్యానిది, తీగ తెగే ఉంది అని తీర్మానించాను. ఏమీ తెలియనివాడైతే అక్కడే ఆశ్చర్యపోయేవాడు. నాకు ఆశ్చర్యాన్ని నోరు మూయించడానికి సరిపడా తెలుసు.

ఫ్యూజులు రెండూ పీకి, పట్టీల మీద క్లిప్పులు ఒక్కొక్కటే లేపుకుంటూ దిగాను. సగం మెట్ల దగ్గర తీగ మీది తొడుగు ఎలుక కొరికి ఉంది. పళ్ల గాట్లు స్పష్టంగా. "దొరికింది!" అని అరిచాను. అమ్మ చేతికి జోలె వేసుకుని కిందినుంచి చూస్తోంది. "ఏం దొరికిందిరా?" అంది. ఎలుక అన్నాను. "ఎలుకలు ఎప్పటి నుంచో ఉన్నయ్" అంది. ఆ మాటలోని తర్కం నాకు రాత్రికి గానీ అర్థం కాలేదు.

ఆ ముక్క కోసేసి కొత్త తీగ అతికి, టేపు చుట్టి, ఫ్యూజులు పెట్టాను. నాలుగింట్లో ఒకటే. మార్పు లేదు. చీకటి పడింది. మెట్ల గోడ నిండా వేలాడే తీగలు, వంగిన క్లిప్పులు. పొద్దున ఒక స్విచ్చి పనిచేయని ఇల్లు, సాయంత్రానికి నిజంగానే ఉండదగ్గది కాకుండా పోయింది.

*

చాచాకు ఫోన్ చేసింది అమ్మ. నేనైతే చేసేవాణ్ణి కాదు. ఆయన వేసిన వైరింగ్‌ను పొద్దుటి నుంచీ తిట్టుకుంటున్నాను కదా.

ఆదివారం పొద్దున బైకు తీసుకుని బోధన్ వెళ్లి రాకాసిపేటలో ఆయన్ని ఎక్కించుకున్నాను. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, బక్కగా, వెనక కూర్చుంటే బరువే తెలియలేదు. శక్కర్‌నగర్ వైపు ఒకసారి తల తిప్పి చూసి ఏమీ అనలేదు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబర్ నుంచి మూతబడే ఉంది. ఆయన అంతకు చాలా ముందే రిటైర్ అయ్యాడు. నా చిన్నప్పుడు గానుగాట సీజన్లో ఈ దారంతా బెల్లప్పాకం వాసన. చెరుకు బండ్ల వెనక పిల్లలం పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు రెండు వైపులా వరి.

ఇల్లు చేరి మెట్ల గోడ చూసి చాచా నిలబడిపోయాడు. తను నలభై ఏళ్ల కింద కొట్టిన క్లిప్పులు నేల మీద పోగుపడి ఉన్నాయి.

"గిదంత ఎందుకు ఇప్పినవ్ బేటా?"

"తీగ తెగింది చాచా."

"ఎవరు జెప్పిండ్రు?"

కాగితం చూపించాను. టెస్టర్ సంగతి, దయ్యపు వోల్టేజి సంగతి కూడా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక హోల్డర్ తీశాడు. దానికి పాత అరవై వాట్ల బుగ్గ, రెండు పొడుగాటి తీగలు. టెస్ట్ ల్యాంపు. కాళ్ల కింద ఎండిన చెక్క పీట వేసుకుని, ఒక తీగ లైటు దగ్గరి న్యూట్రల్‌కు తగిలించి, రెండోది మీది స్విచ్చిలో నా "తెగిన" తీగకు ముట్టించాడు. బుగ్గ భగ్గున వెలిగింది. పక్క తీగకు ముట్టించాడు. అంతే వెలుగు.

దయ్యానికి నియాన్‌ను వెలిగించే సత్తువ ఉంటుంది. అరవై వాట్ల బుగ్గను వెలిగించే సత్తువ ఉండదు. బరువు మోపితే దయ్యం కూలిపోతుంది, అసలు కరెంటు నిలబడుతుంది. ఈ మాట నేనే ఎక్కడో చదివాను. చదివినప్పుడు అర్థమయింది కూడా.

"తెగిన తీగెకు బుగ్గ పడ్తదా?" అన్నాడు చాచా. ఇంకేం అనకుండా మెట్లు దిగి కింది స్విచ్చి విప్పమన్నాడు. అది 1981 నాటి గుండ్రటిదే. లోపల మూడు తీగలు. ఒకదానికి, స్క్రూకు అంగుళం ఇవతల, తెల్ల నూలుదారం నాలుగు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. నూనె పట్టి గోధుమరంగుకు తిరిగింది గానీ చెక్కుచెదరలేదు.

"గిది కామన్. నేను ఏడ పని చేసినా కామన్‌కు దారం కడ్త. రేపు ఇంకోడు ఇప్పితే తెల్వాలె గద. మీద గూడ కట్టిన. మీదిది ఏది? దారం ఏమాయె? ఆ పియానో స్విచ్చి ఎవరు వెట్టిండ్రు?"

అమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు చూసింది.

*

2008 ఎండాకాలం. ఇంజనీరింగ్ సెకండియర్ అయిపోయి సెలవులకు వచ్చాను. మీది గుండ్రటి స్విచ్చి మూతకు పగులు వచ్చింది. నేను మారుస్తానన్నాను. బోధన్‌లో పియానో స్విచ్చి కొనుక్కొచ్చాను. పాతది విప్పినప్పుడు ఒక తీగకు ఏదో మురికి దారం చుట్టుకుని ఉంటే బ్లేడుతో కోసి పారేశాను. శుభ్రంగా ఉండాలని. ఆ కోయడం ఇప్పుడు నా వేళ్లకు గుర్తొచ్చింది.

పాత గుండ్రటి స్విచ్చిలో కామన్ స్క్రూ ఒక పక్కన ఒంటరిగా, మిగతా రెండూ దానికి ఎదురుగా ఉండేవి. పియానో స్విచ్చిలో మూడూ వరుసగా ఉంటాయి, కామన్ మధ్యలోది. నేను అవేవీ చూడలేదు. మూడు తీగలు, మూడు రంధ్రాలు. తీగల రంగులు చూద్దామన్నా జంట తీగల్లో నల్లది కూడా ఫేజ్ మోస్తుంది కాబట్టి రంగు ఇక్కడ ఏమీ చెప్పదు. జంట తీగల్లో ఒకటి మధ్యలోకి పోయింది, బల్బు తీగ పక్కకు పోయింది.

అంటే మీది పాయింటు తిరగబడిందన్నమాట. అది ఒక వైపు ఉంటే మొదటి పట్టాను బల్బుకు కలుపుతుంది. ఇంకో వైపు ఉంటే రెండు పట్టాలనూ ఒకదానికొకటి కలిపేస్తుంది, బల్బును విడిచిపెట్టి. రెండు తీగలకూ టెస్టర్ ఎందుకు వెలిగిందో అదీ. నాలుగింట్లో ఒకటే ఎందుకు వెలుగుతుందో అదీ. తీగ తెగినా, కామన్ తప్పు పడినా కాగితం మీద లెక్క ఒకటే వస్తుంది. లక్షణాలు చూసి ఆ రెంటినీ విడదీయలేం. విడదీసే ప్రశ్న ఒకటే, చాచా అడిగింది. ఆఖరిసారి ఎవరు విప్పారు?

మా పనిలో ఒక కమాండు ఉంటుంది. ప్రోగ్రాములో ఏ వాక్యం ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూపిస్తుంది. దాని పేరే బ్లేమ్. తిడుతూ తిడుతూ ఆ కమాండు కొట్టి, తెర మీద సొంత పేరు చూసుకోని ప్రోగ్రామర్ ఉండడు. పాత కోడ్‌ను ముందు అనుమానించొద్దు, పనిచేస్తున్నది చెడిపోయిందంటే ఆఖరున మారిందేమిటో చూడు అని కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్తుంటాను. ఇంట్లో మాత్రం గోడ మీద ఒక్కటే కొత్త వస్తువు తెల్లగా మెరుస్తుంటే, నలభై ఏళ్ల చెక్క పట్టీలన్నీ లేపాను.

మరి ఆ రోజు పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. బాగా గుర్తుంది. మీద నొక్కితే వెలిగింది. నొక్కితే ఆరింది. మళ్లీ నొక్కి వెలిగించి కిందికి దిగాను. అక్కడ నొక్కితే ఆరింది. నొక్కితే వెలిగింది. "అయిపోయింది బాపూ" అన్నాను. మీద ఆర్పి వచ్చి కింద నొక్కి చూడాలన్న ఆలోచన రాలేదు. ఒక్క మెట్ల వరుస అదనంగా ఎక్కి దిగితే తెలిసిపోయేది. మర్నాడే హాస్టల్‌కు వెళ్లిపోయాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అమ్మను అడిగాను.

"ఆ రాత్రే. మీద ఆర్పి వచ్చిండు. మళ్ల కింద వేస్తే పడలె."

"చాచాను పిలవకపోయారా?"

"నేను అన్న. 'పోరడు శౌకుగ చేసిండు, మళ్ల ఇంకోన్ని పిలుస్తె బాగుండది' అన్నడు."

ఇందులో ప్రేమ ఎంతో, పిసినారితనం ఎంతో నేను చెప్పలేను. బాపు రెండూ ఉన్న మనిషి. పది నిమిషాల పనికి మనిషిని బోధన్ నుంచి పిలవడమేమిటని కూడా అనుకుని ఉంటాడు. వాడే మళ్లీ వచ్చినప్పుడు చూస్తాడులే అనుకుని ఉంటాడు. నేను ప్రతి సెలవులకూ వచ్చాను. ఆయన నోరు తెరిచి చెప్పలేదు, నేను కళ్లు తెరిచి చూడలేదు.

నన్ను ఆ పూట నుంచీ వెంటాడుతున్నది ఇంకోటి. ఎండాకాలం రాత్రులు మేమందరం దాబా మీదే పడుకునేవాళ్లం. పక్కలు వేయడం, నీళ్ల బిందె తేవడం అయ్యాక బాపు కిందికి పోయేవాడు. మెట్ల లైటు ఆరేది. ఆ తర్వాత చీకట్లో ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చేవాడు, మధ్యలో ఒకసారి దగ్గి. ఆ దగ్గు విని మేం నిద్రలోకి జారేవాళ్లం. తలుపులు చూసుకోవడానికి పోయాడనుకునేవాణ్ణి. ఆయనకు చీకటి అలవాటనుకునేవాణ్ణి. 2008కి ముందు కూడా అట్లాగే చేసేవాడా అని ఎంత గుర్తు చేసుకున్నా తేలడం లేదు. మీద నొక్కి ఆర్పడం ఒకప్పుడు మా ఇంట్లో కుదిరేది. అది కుదిరిన ఒక్క రాత్రయినా గుర్తుంటే బాగుండు.

*

పని ఐదు నిమిషాలు. ఫ్యూజులు రెండూ పీకాం. చాచా చెప్తుంటే నేనే రెండు తీగలు అటుదిటు మార్చాను. మధ్యలో పెట్టాల్సిన తీగకు కట్టడానికి అమ్మ పూలు కుట్టే దారం ఇచ్చింది. నాలుగు చుట్లు. చాచా ముడి లాగి చూసి "ఇంకో చుట్టు" అన్నాడు. నేను ఎలుక మిష మీద కోసి అతికిన ముక్కను కూడా మొత్తం మార్పించాడు. మెట్ల మధ్యలో టేపు చుట్టిన అతుకు ఉండొద్దట. నిజానికి ఆ రెండు రోజుల్లో ఆ ఇంట్లో ప్రమాదకరమైన వైరింగ్ ఏదైనా ఉంటే అది నేను శనివారం వేసిందే. క్లిప్పులు మళ్లీ కొట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. పైసలు ఇవ్వబోతే చాచా పెట్రోలు కొట్టించుకొమ్మన్నాడు, నన్ను.

హైదరాబాద్ మాట నేను మళ్లీ ఎత్తలేదు. అమ్మ ఇంకోటి ఎత్తింది. రాత్రి లేస్తే మంచం దగ్గర నుంచి కూడా ఆ లైటు వేసుకునేట్టు కుదురుతుందా అని. కుదురుతుంది. రెండు చివర్లలో టూవేలు అట్లాగే ఉంచి, జంట తీగలను మధ్యలో ఒకచోట కోసి ఇంటర్మీడియట్ స్విచ్చి పెట్టాలి. అది నొక్కినప్పుడల్లా రెండు పట్టాలను ఒకసారి సూటిగా, ఒకసారి అడ్డంగా కలుపుతుంది. అట్లాంటివి ఎన్నయినా పెట్టుకుంటూ పోవచ్చు. పదింట్లో ఏది నొక్కినా లైటు స్థితి మారుతుంది. చాచా క్యాలెండర్ వెనక బొమ్మ గీసిచ్చాడు. సంక్రాంతికి వచ్చి ఆ బొమ్మ చూసుకుంటూ నేనే పెట్టాను, ప్రతి తీగకూ దారం కట్టి మరీ.

మూడు స్విచ్చులంటే ఎనిమిది అమరికలు. ఈసారి ఒక్కటీ వదల్లేదు. పాప నోట్‌బుక్‌లో ఎనిమిది గీతలు గీసుకుని మెట్ల మధ్యలో కూర్చుంది. నేను మీద, అమ్మ కింద, మా ఆవిడ మంచం దగ్గర. ఒకరు నొక్కుతారు, పాప "పడ్డది" అనో "ఆరింది" అనో అరిచి రాసుకుంటుంది. ఆ ప్లాస్టర్ సంగతి తనకు మేం చెప్పలేదు. నాలుగు పడ్డాయి, నాలుగు ఆరాయి. ఎల్ఈడీ మాత్రం ఆర్పినా ఇంకా కొద్దిగా మినుకుతూనే ఉంది. జంట తీగల దయ్యం అది, తప్పు కాదు. చిన్న కెపాసిటర్ పెడితే పోతుందన్నాను. "ఉండనీ తియ్, మెట్టు కనవడ్తది" అంది అమ్మ.

తర్వాత అడిగింది.

"ఇగ మీది ఎటుండాలె?"

"ఎటున్నా పర్లేదమ్మా."

"కిందికా, పైకా?"

"ఏదైనా."

"గట్లెట్ల?" అంది. రాత్రి అందరం పడుకున్నాక మెట్లెక్కిన చప్పుడయింది. మీద టక్కున నొక్కిన చప్పుడు. లైటు ఆరింది. కొంచెంసేపు ఏమీ లేదు. మళ్లీ టక్కుమంది, లైటు వచ్చింది, ఆమె దిగివచ్చి కింద ఆర్పింది.